బండి వెళ్లిపోయాక పిల్లల్ని చూసేదెవరు?

ఏడాదికోసారి బడికొచ్చే వైద్య బృందాన్ని చూపించి ‘బడి ఆరోగ్యానికి నిధులిస్తున్నాం’ అని చెప్పుకోవడం ఇక చాలించాలి. ఆ బృందాన్ని పంపేది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని సంగతి అందరికీ తెలిసిందే: ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఓ అద్దె బండి. ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. ఈ డబ్బు జబ్బు కనిపెట్టడం దగ్గరే ఆగిపోతోందన్నదే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరొంచ లాంటి తాలూకాల గోస.

కనిపెట్టడమైనా సరిగా జరగాలంటే బడిలో తెలిసిన మనిషి ఉండాలి. కంటి పరీక్ష చార్టుకీ పిల్లాడికీ మధ్య ఆరు మీటర్ల దూరం కావాలి. గది చిన్నదైతే మూడు మీటర్లకే నిలబెడతారు. చూపు మందగించినవాడూ కింది వరుస గడగడా చదివేస్తాడు, కార్డులో ‘నార్మల్’ అని పడిపోతుంది. వరండాలో తాడుతో కొలిచి సున్నంతో ఓ గీత గీస్తే తీరే ఇబ్బంది ఇది. ఐదు గంటల్లో వందమందిని చూసి పక్క ఊరికి వెళ్లాల్సిన బృందానికి ఆ తీరిక ఉండదు.

ఐరన్ మాత్రల సంగతీ అంతే. పదేళ్లు దాటినవాళ్లకు వారానికో నీలం మాత్ర: 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. చిన్నవాళ్లకు 45 మిల్లీగ్రాముల గులాబీ మాత్ర. పరగడుపున ఇస్తే కడుపులో తిప్పుతుంది. ఒక్క పిల్ల వాంతి చేసుకుందంటే ‘మాత్రలు పడట్లేదు’ అన్న మాట ఊరంతా పాకుతుంది, మరుసటి వారం ఎవరూ మింగరు. మధ్యాహ్న భోజనం అయ్యాక టీచరు ముందే మింగించాలి, ఆ వెంటనే టీ తాగనివ్వకూడదు. దొడ్డికి నల్లగా వస్తుందనీ, భయం లేదనీ తల్లులకు ముందే చెప్పాలి. ఇవన్నీ వారం వారం చేయాల్సిన పనులు.

తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ దగ్గర ఈ లోటు ప్రాణాల మీదకొస్తుంది. 2023 జూలై 1న ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలయ్యాక పరీక్షలు పెరిగాయి. మొదట సాల్యుబిలిటీ అనే చిన్న రక్త పరీక్ష, తేడా ఉంటే హిమోగ్లోబిన్ రకాన్ని తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధారణ. ఆ తర్వాత? జబ్బున్న పిల్లకు జ్వరమొస్తే అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి. ఎండలో కవాతుకు నిలబెట్టకూడదు. క్లాసులో నీళ్ల సీసా దగ్గరుండాలి, ఒంటేలుకు అడిగిన ప్రతిసారీ పంపాలి. రిపోర్టు ఫైల్లో, పిల్ల క్లాసులో ఉంటే ఇదంతా టీచరుకెలా తెలుస్తుంది?

బడికో నర్సును పెట్టడం ఏ ప్రభుత్వం వల్లా కాదంటారు. నిజమే, అడుగుతున్నదీ అది కాదు. జిల్లా పరిషత్ బడుల్ని ఎలాగూ ‘కేంద్రాలు’గా, అంటే కొన్నేసి బడుల గుంపులుగా, విడగొట్టారు. కేంద్రానికో నర్సు, ఆమెకో డిజిటల్ హిమోగ్లోబిన్ మీటరు, పిల్లల పేర్లతో ఒక రిజిస్టరు చాలు.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం దారిఖర్చుది. గర్భిణికీ, నెలలోపు పసికందుకూ ఉచితంగా బండి పెట్టే జననీ శిశు సురక్ష పథకం 2011లోనే మొదలైంది, తర్వాత ఏడాదిలోపు శిశువుకూ వర్తించింది. గుండెలో రంధ్రం ఉందని తేలిన పదేళ్ల పిల్లాడికి అలాంటి గట్టి హక్కు లేదు. సిరొంచ నుంచి జిల్లా పెద్దాసుపత్రి ఉన్న గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అమ్మానాన్నల రెండు రోజుల కూలీ పోతుంది. చేతిలో పెట్టే రిఫరల్ చీటీ మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే చెన్నూరు, మంచిర్యాల. జనం తరతరాలుగా వెళ్తున్నది అటే. కానీ అక్కడి ఆరోగ్యశ్రీ తెలంగాణవాళ్లకే. రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు ఈ ఊళ్లను ఎవరూ అడగలేదు, నిధులు పంచేటప్పుడూ అడగడం లేదు.

వచ్చే ప్రణాళికలో సరిహద్దు తాలూకాలకు విడిగా ఒక పద్దు పెట్టాలి. రిఫర్ చేసిన ప్రతి పిల్లకూ, తోడొచ్చే ఒకరికీ రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలీ ముందుగానే చేతికివ్వాలి. నది అవతలి దవాఖానలో చూపించుకున్నా బిల్లు మహారాష్ట్రే కట్టాలి. చీటీ మరాఠీతో పాటు తెలుగులోనూ, ఇక్కడి గిరిజనుల భాష మాడియాలోనూ ఉండాలి. ఎంతమందిని పరీక్షించారన్నది కాదు, రిఫర్ చేసినవాళ్లలో ఎంతమందికి వైద్యం పూర్తయిందో చూశాకే తర్వాతి విడత డబ్బు విడుదల చేయాలి.