అత్తమ్మ చీర, పాప బొంత

"వంద రూపాయలకు రెడీమేడ్ దొరికేదానికి ఇంట్లో కూర్చుని కుట్టడం టైం వేస్ట్" అని మీ వ్యాసంలో రాశారు, చదివి నవ్వొచ్చింది. మాది హన్మకొండ. మొన్న మా ఆడబిడ్డ కూతురికి పాప పుడితే మా అత్తమ్మ పాత నూలు చీరతో బొంత కుట్టాను. అయిదున్నర మీటర్ల చీర నాలుగు మడతలు వేస్తే దాదాపు 1.4 మీటర్ల పొడవు వస్తుంది, పసిపాపకు అది ఎక్కువే, పైగా ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ బట్ట ఏ షాపులో దొరుకుతుంది చెప్పండి?

అంత తేలిగ్గా ఏం కాలేదు లెండి. మిషన్‌లో ఉన్న సన్నటి 11 నంబర్ సూదితోనే మొదలుపెట్టా, రెండో వరుసకే టక్కుమని విరిగింది. లావుపాటి 16 నంబర్ వేశాక సాఫీగా నడిచింది కానీ కింద దారం ఉండలు కట్టుడు, నేను విప్పుడు... దారం టెన్షన్ (బిగువు) కన్నా నా టెన్షనే ఎక్కువైంది. అంచు మాత్రం అత్తమ్మే చేత్తో వేసింది, "ఒక మూలకు నా కొంగు కనబడాలె" అని పట్టుబట్టి మరీ.

ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌లో కవర్లు, బొమ్మలు చాలానే వచ్చాయి. ఆ బొంత మాత్రం ఒక ఒడిలో నుంచి ఇంకో ఒడిలోకి తిరుగుతూనే ఉంది. పక్కనే వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకు (నేల మీద పరిచే నేత తివాచీలకు) 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకత అనే ముద్ర, వచ్చిందండీ, చేతిపని గురించి మాకు చెప్తారా!

జాకెట్లు మాత్రం నేనూ టైలర్‌కే ఇస్తాను, చంక దగ్గర నాకెప్పుడూ కుదరదు.