సవరణ: దాత డబ్బు తిరిగి ఎవరికి వెళ్తుంది?

అనంతపురం వేరుశనగ రైతు సంఘాలకు ప్రైవేట్ ఈక్విటీ తరహా దాతృత్వం (విరాళాన్ని ఊరికే ఇచ్చేయకుండా వాటాగానో అప్పుగానో పెట్టి, నడిపే తీరులోనూ సాయపడటం) ఎలా పనికొస్తుందో చెబుతూ పోయిన వారం నేను రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి.

ఈ తరహాలో పనిచేసే అక్యుమెన్ అనే లాభాపేక్షలేని సంస్థకు డబ్బిచ్చినవారికి కొన్నేళ్లకు అసలు, లాభం తిరిగి వస్తాయని రాశాను. సంఘం లెక్కలు చూసే మిత్రుడు కాయలు ఒలిచే మిషన్ పక్కన నిలబడి, చొక్కా మీది పొట్టు దులుపుకుంటూ, "ఇంతకీ మిగిలింది ఎవురికి పోతాది సార్?" అని అడిగేదాకా నాకు అనుమానమే రాలేదు. 2001లో మొదలైన ఆ సంస్థ ప్రధానంగా విరాళాలు సేకరించి, వాటిని కంపెనీల్లో వాటాగానో అప్పుగానో పెట్టి, ఏళ్ల తరబడి ఓపిక పట్టి, తిరిగొచ్చిన సొమ్మును దాతకు ఇవ్వకుండా మళ్లీ అదే పనికి వాడుతుంది. మదుపరులకు లాభం పంచే ఫండ్లను తర్వాత విడిగా పెట్టింది. నేను రెంటినీ కలిపేశాను.

రెండోది సంవత్సరం. లాభంతోపాటు సమాజానికి మేలు కూడా కోరి డబ్బు పెట్టడాన్ని చెప్పే 'ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్' అనే మాట 1997 నాటిదని రాశాను. అది కాదు, 2007లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇటలీలోని బెలాజియోలో జరిపిన సమావేశంలో పుట్టింది. 1997లో వచ్చింది, వెంచర్ క్యాపిటలిస్టుల నుంచి ఫౌండేషన్లు ఏం నేర్చుకోవచ్చో చర్చించిన హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వ్యాసం.

డబ్బుతోపాటు యాజమాన్య సలహా కూడా ఇవ్వాలన్న నా వాదనలో మార్పు లేదు.