భోజనాలు పన్నెండు గంటలకు

మా పెదనాన్నకి నడకంటేనే గిట్టదు. వీధి చివర కిళ్ళీ కొట్టుకి కూడా స్కూటర్ మీదే వెళ్ళేవారు. గొంతు క్యాన్సర్‌తో పోయిన ఆ మనిషి జ్ఞాపకార్థం, క్యాన్సర్ రోగుల సహాయానికి విశాఖ బీచ్ రోడ్డులో పెట్టిన 5కే పరుగుకి ఇంటిల్లిపాదీ పేర్లిచ్చాం. ఆయనుంటే "బుద్ధుందిరా మీకు?" అనేవారు.

టీషర్టుల పని బావ తీసుకున్నాడు. తీసుకోవడమంటే, ఫ్లెక్సీ షాపుకి ఫోన్ చేసి "మా మావయ్యది పాత ఫైలుంది కదా, అదే కొట్టెయ్" అనడం. వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా కొట్టేశారు. కాళీమాత గుడి దగ్గర చీకట్లో అందరం తొడిగేసుకున్నాం. తెల్లారాక చూసుకుంటే ఛాతీ మీద పెదనాన్న ఫొటో, చుట్టూ దండ, అటూ ఇటూ దీపాలు, పైన 'అశ్రునివాళి', కింద జననం, మరణం. ఇంకా కింద, 'పెదకర్మ: ఆదివారం. భోజనాలు మధ్యాహ్నం 12 గంటలకు.'

ఆ రోజూ ఆదివారమే.

నాకు ఇంకో చిక్కు. ఆ ముక్కు, ఆ మీసం, ఆ బట్టతల, అన్నీ నాకు దిగాయి. మంచినీళ్ళిచ్చే కుర్రాడు నా చొక్కా చూశాడు, మొహం చూశాడు, మాట్లాడకుండా రెండు సీసాలిచ్చాడు.

పరుగుకి ముందు మైకులో టెర్రీ ఫాక్స్ గురించి చెప్పారు. ఎముక క్యాన్సర్‌కి కాలు పోగొట్టుకున్న ఆ కెనడా కుర్రాడు 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడట. అది విన్నాక 5 కిలోమీటర్లకి ఆయాసపడటం సిగ్గుచేటే. ఆయాసానికి ఆ సంగతి తెలియదు కదా! కురుసుర సబ్‌మెరీన్ దగ్గరికొచ్చేసరికి నాకు పిక్క పట్టేసింది. గట్టు మీద కూలబడ్డాను. ఫస్ట్ ఎయిడ్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, నాడి చూసి "ఏం పర్లేదంకుల్" అంది. అంతలో ఛాతీ మీద 'మరణం' చదివి, మళ్ళీ నాడి పట్టుకుంది.

ఎలాగో కుంటుకుంటూ చేరాను. అక్కడ, వాకింగ్‌కి వచ్చిన ఓ పెద్దాయన బావ పొట్ట ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకుంటున్నాడు. అక్షరాలు అందరికన్నా విశాలంగా కనిపించేది అక్కడే మరి.

"భోజనాలు ఎక్కడ బాబూ?"

"అబ్బే, అది పాత..." అని బావ మొదలెట్టాడు.

"మీరుండండి అల్లుడుగారూ" అంది దొడ్డమ్మ. "ఆయన పేరు చెప్పి అన్నానికొస్తానంటే కాదంటామా?" అని ఇంటి గుర్తులు చెప్పేసి, వంటమనిషికి ఫోన్ చేసి పప్పు ఎక్కువ వెయ్యమంది.

పన్నెండు కొట్టేసరికి పెద్దాయన తన వాకింగ్ బ్యాచ్ మొత్తాన్ని వెంటబెట్టుకుని దిగాడు. తృప్తిగా తిన్నారు. మజ్జిగపులుసు మళ్ళీ అడిగి పోయించుకున్నారు. క్యాన్సర్ రోగులకని తలా కొంత దొడ్డమ్మ చేతిలో పెట్టారు కూడా. చెప్పులేసుకుంటూ పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు.

"సంవత్సరీకం ఎప్పుడు బాబూ?"