పగడానికి కర్కాటక దోషం

ప్రపంచంలో యుద్ధాలున్నాయి, వడ్డీ రేట్లున్నాయి, వాటి సంగతి చూసుకునే పెద్దలూ ఉన్నారు. నా ముందున్న సమస్య అంతకన్నా చిక్కుది. ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచుకునే గృహస్థు ఇంటికి రాయితో పాటు చెప్పాపెట్టకుండా వచ్చిన పీత మంచిదా, చెడ్డదా? దీని మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ విచారణ సంఘం వేయలేదు. అందుకని ఆ భారం నేనే నెత్తికెత్తుకున్నాను. నిందితుణ్ణి పట్టుకున్నదీ నేనే, సాక్షినీ నేనే, న్యాయమూర్తినీ నేనే. పోయిన పగడాలు కూడా నావే కనుక నిష్పాక్షికతకు లోటేమీ లేదు.

ముందు నేరస్థలం. ఫ్లోరిడాలోని టాంపాలో, మా ముందుగదిలో, 75 గ్యాలన్ల తొట్టి. అంటే సుమారు 284 లీటర్ల సముద్రం. అసలు సముద్రం కారులో కాస్త దూరం వెళితే ఉచితంగా దొరుకుతుంది. అయినా నేను ఉప్పు కొని, నీళ్లు వడకట్టి, లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపి నా సముద్రాన్ని నేనే చేసుకున్నాను. సొంత ఇంటికీ సత్రానికీ తేడా ఉండాలి కదా.

అందులో పేర్చిన రాళ్లు మామూలు రాళ్లు కావు. వ్యాపారంలో వాటిని లైవ్ రాక్ అంటారు. ఒళ్లంతా చిల్లులున్న సున్నపురాయి. ఆ చిల్లుల్లో కాపురముండే బ్యాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చి నీటిని బతికిస్తుంది. ఫ్లోరిడా పక్కన సముద్రంలో సహజంగా ఉన్న ఇలాంటి రాళ్లను తీయడం 1997 నుంచి నిషేధం. అందుకని ఇక్కడివారు మన వైపు చెరువులు లీజుకు తీసుకున్నట్టు సముద్రపు అడుగును లీజుకు తీసుకుంటారు. గనిలో తవ్విన రాళ్లను పడవల్లో తీసుకెళ్లి అక్కడ ముంచుతారు, ఏళ్ల తరబడి అలాగే వదిలేసి, తర్వాత పైకి తీసి తూకానికి అమ్ముతారు. రాయికి డబ్బు. దాని మీద చేరిన స్పంజీలు, పురుగులు, నత్తలు కొసరు. పీత కూడా కొసరే, కూరగాయల సంచిలో పడేసిన కరివేపాకు రెబ్బలాగా.

ఇక్కడ నా వ్యక్తిగత వేదన ఒకటి నమోదు చేయాలి. గ్రీన్ కార్డు వరసలో పన్నెండేళ్లుగా నిలబడి ఉన్నవాణ్ణి నేను. అటువంటి నా ఇంట్లోకి ఒక్క కాగితం లేకుండా వచ్చి, మంచి రాయి చూసుకుని, మూడో రోజుకే శాశ్వత నివాసం ఏర్పరుచుకున్న ప్రాణిని చూస్తే కడుపు మండదా?

మొదటిసారి కనబడింది రాత్రి రెండు గంటలకు. పీతలకు ఎర్ర వెలుగు సరిగా కనిపించదు, అందుకని టార్చికి ఎర్ర కాగితం చుట్టి అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాను. చిల్లులోంచి ముందు ఒక కన్ను కాడ బయటికి వచ్చింది, కాసేపాగి రెండోది. ఆ తర్వాత చింతగింజంత శరీరం, ముదురు గోధుమ రంగు, కాళ్ల నిండా నూగు. ముందున్న రెండు పటకారు కాళ్లలో ఒకదానితో రాతిని గిల్లి నోట్లో పెట్టుకోవడం, అది నమిలేలోగా రెండోదానితో ఇంకొకటి అందుకోవడం. పేపరు చదువుతూ పకోడీలు తినేవారి నిదానం. తింటున్నది నాచో నా పగడమో ఎంతకీ తేలలేదు. నలభై డాలర్లు పోసి కొన్న, జోయాంథిడ్ అనే పువ్వుల్లాంటి పగడాల గుత్తిలో మర్నాటికి రెండు తలలు మాత్రం లేవు.

తొట్టి పెంపకందారుల్లో ఇలాంటి కేసులకు ఒక స్మృతి ఉంది. ఒంటి మీద నూగు, పటకారు కొనలు నల్లగా ఉంటే దుష్టపీత. దానికి గొరిల్లా పీత అని పేరు. ఒళ్లు నున్నగా ఉంటే సత్ప్రవర్తన. ఈ లెక్కన మా మేనమామల్లో ఇద్దరిని తొట్టిలోంచి తీసేయాలి. కాస్త చదువుకున్నవారు మరో పరీక్ష చెబుతారు. పటకారు కొనలు చెంచాల్లా గుంటపడి ఉంటే అది రాతి మీద నాచు గోకి తినే రకం, సూదిగా ఉంటే మాంసం తినే రకం. ఇది కొంత నయం. కాకపోతే చింతగింజంత పీత గోటి కొన చెంచానా సూదా అన్నది అర్ధరాత్రి ఎర్ర వెలుగులో తేల్చాలి. పెళ్లిచూపుల్లో అమ్మాయి కాలివేళ్లు లెక్కపెట్టే ముత్తయిదువలు మాత్రమే చేయగల పని అది.

పైగా నల్ల కొనలున్న పీతల్లో ఫ్లోరిడా రాతి పీత కూడా ఒకటి. ఇక్కడి హోటళ్లలో దాని పటకార్లకు ఉన్న ధర చూస్తే తినాలనిపించదు, తాకట్టు పెట్టాలనిపిస్తుంది. జాలర్లు పీత నుంచి పటకారు మాత్రమే విరిచి, మిగతా పీతను నీళ్లలో వదిలేయాలని చట్టం. మళ్లీ మొలుస్తుంది కాబట్టి. అక్టోబరు 15 నుంచి మే 1 వరకు ఆ కోత కాలం. అంటే, అదే పీత హోటలుకు వెళితే విందు, మా ఇంటికి వస్తే దొంగ.

అసలు అన్యాయం మరొకటి ఉంది. బుడగ నాచును తింటుందని పచ్చ పీతను దుకాణంలో డబ్బిచ్చి కొంటాం. నాచు అయిపోయి ఆకలేస్తే అదీ పగడాన్ని గిల్లుతుంది. సన్యాసి పీతలనైతే డజన్ల లెక్కన తెచ్చి పారిశుద్ధ్య సిబ్బంది అని గౌరవంగా పిలుచుకుంటాం. పేరుకే సన్యాసి. పెరిగేకొద్దీ దానికి పెద్ద శంఖం కావాలి, ఆ శంఖంలో అప్పటికే ఒక నత్త కాపురముంటుంది. నత్తను చంపి, పీకి, తిని, గృహప్రవేశం చేస్తుంది. నా తొట్టిలో ఇలా ఖాళీ అయిన ఇళ్లు మూడు. ఒక్కదాని మీదా నేను ఫిర్యాదు నమోదు చేయలేదు. ఎందుకంటే సన్యాసికి రసీదు ఉంది.

నిపుణుల అభిప్రాయం కోసం భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులున్న మా బాబాయికి ఫోను చేశాను. ఆయన చెరువు గట్టు చుట్టూ మోకాలెత్తు వల ఉంటుంది. అది మనుషులను ఆపడానికి కాదు, పీతలను ఆపడానికి. 1994 తర్వాత వైట్ స్పాట్ వైరస్ మన తీరంలో చెరువులకు చెరువులే ఊడ్చేసింది. పీత ఆ వైరస్‌ను తాను చావకుండా మోసుకొచ్చి రొయ్యలను చంపుతుంది. నా ప్రశ్న పూర్తిగా వినకుండానే ఆయన తీర్పు చెప్పారు.

"ఒరేయ్, మేము డబ్బు పోసి పీత రాకుండా వల కడుతుంటే, నువ్వు డబ్బు పోసి పీతను తెచ్చుకుని మంచిదా చెడ్డదా అని అడుగుతున్నావా?"

ఆ పక్కనే ఉన్న అమ్మ ఫోను అందుకుంది. "ఎంతుంది?" అని అడిగింది. చింతగింజంత అన్నాను. "ఒక్కటేనా?" ఒక్కటే. "మరి దానికింత గొడవెందుకు?" ఆమె దృష్టిలో పీత సమస్య కావాలంటే కనీసం పులుసుకు సరిపోవాలి. ఈ గొరిల్లా పీతల జాతికి చెందిన కొన్నిటిలో ఎంత ఉడికించినా పోని విషం ఉంటుందని నాకు తెలిసిన శాస్త్రం చెప్పాను. "చింతపండు ఎక్కువ వేస్తే పోతుందిలే" అంది. శాస్త్రం ఓడిపోయింది.

ఇక మిగిలింది జ్యోతిషం. నవ్వకండి, ఈ విషయంలో ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడిన శాస్త్రం నాకు కనబడలేదు. పగడం కుజుడి రత్నం. కుజుడికి నీచ స్థానం కర్కాటకం, అందులోనూ 28వ భాగంలో పరమ నీచ. కర్కాటకమంటే పీత. పీత చేతిలో పడితే పగడం క్షీణిస్తుందని, గాజు తొట్టి పుట్టక ముందే మన సిద్ధాంతులు లెక్క కట్టి పెట్టారు. కేసు అక్కడితో ముగిసిందనుకున్నాను. మాకు తెలిసిన పురోహితులు దాన్ని మళ్లీ తెరిచారు. "కర్కాటక లగ్నానికి కుజుడే యోగకారకుడండీ. పంచమాధిపతి, దశమాధిపతి కూడా. వారికి పగడం ధరించమనే చెబుతాం."

ఒకే పీత, ఒకే పగడం. ఒక లెక్కలో నీచం, మరో లెక్కలో రాజయోగం.

వినడానికి గోడమీది పిల్లి వాటంలా ఉంది గానీ, సముద్రం కూడా ఇదే మాట చెబుతోంది. పసిఫిక్ మహాసముద్రంలో కొమ్మల పగడాల నడుమ ట్రపీజియా అనే పీత కాపురముంటుంది. పగడం స్రవించే జిగురు దాని భోజనం. పగడాలను మేసే ముళ్లకిరీటం నక్షత్రచేప మీదికి వస్తే, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన దాని కాళ్లను కింద నుంచి గిల్లి గిల్లి వెళ్లగొడుతుంది. పీటర్ గ్లిన్ అనే శాస్త్రవేత్త పనామా వైపు ఈ కాపలా వ్యవహారాన్ని గమనించి 1976లో రాశారు. కొమ్మల మీద పడ్డ మట్టిని కూడా ఆ పీతలే ఊడుస్తాయి. వాటిని తీసేస్తే పగడానికే నష్టం. అద్దె కట్టడమే కాకుండా గుమ్మం ఊడ్చి, రాత్రి గస్తీ తిరిగే అలాంటి కిరాయిదారు హైదరాబాదులో దొరికితే పిల్లనిచ్చి పెళ్లి చేస్తారు. నాకు దొరికింది ఆ బాపతు కాదని రెండు తలలు పోయిన గుత్తి చెబుతోంది.

సరే, పట్టుకోవాలి. పద్ధతి సులువు. గాజు గ్లాసును రాతికి ఆనించి ఏటవాలుగా పెట్టి, అడుగున రొయ్య ముక్క వేయాలి. పీత రాయెక్కి గ్లాసులోకి జారుతుంది, నున్నటి గాజు ఎక్కి బయటికి రాలేదు. ఎర కోసం ఇక్కడి కొట్లో గడ్డకట్టిన రొయ్యల పొట్లం కొన్నాను. వెనక చూస్తే భారతదేశపు ఉత్పత్తి అని ఉంది. అమెరికా తినే రొయ్యల్లో పెద్ద వాటా మనదే, మన దాంట్లో పెద్ద వాటా ఆంధ్రది. ఏ పీత నుంచి కాపాడడానికి మా బాబాయి వల కట్టారో, ఆ రొయ్యే అయి ఉండవచ్చు. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు.

మొదటి రాత్రి గ్లాసులో ఇద్దరు సన్యాసులు. రెండో రాత్రి ఒక ముళ్లపురుగు. మూడో రాత్రి రొయ్య మాయం, గ్లాసు ఖాళీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఎందుకన్నారో ఆ తెల్లవారుజామున అర్థమైంది. నాలుగో రాత్రి నిందితుడు గ్లాసు అడుగున రొయ్యను రెండు చేతులా కౌగిలించుకుని దొరికాడు. మరణశిక్ష వేయడానికి మనసొప్పలేదు. తొట్టి కింద వడపోత నీళ్లుండే సంపులోకి ద్వీపాంతరం పంపాను. అక్కడ పగడాలు లేవు, నాచు మాత్రం దండిగా ఉంది.

ఆ తర్వాత జోయాంథిడ్ల తలలు ఒక్కటి కూడా పోలేదు. కాబట్టి ఆ నేరం రుజువైనట్టే. అయితే అభియోగపత్రంలో ఇంకొకటి ఉంది. కొమ్మల పగడం ఒకటి మొదట్లోంచి తెల్లబడుతూ వస్తోంది, అదీ పీత ఖాతాలోనే రాశాను. పీత సంపులో నాచు తింటూ కూర్చున్నా పైన తెలుపు పాకుతూనే ఉంది. చివరికి నీళ్లు పరీక్షించాను. పగడం తన సున్నపు గూడు కట్టుకోవడానికి కావాల్సిన క్షారత ఎనిమిదిన్నర ఉండాల్సింది, ఆరుకు దిగిపోయింది. మందు చుక్కలు వేసే యంత్రం గొట్టం ఎప్పుడో ఉప్పు గడ్డకట్టి మూసుకుపోయింది. దాన్ని నెలకోసారి కడగవలసింది నేను. అర్ధరాత్రి టార్చి పట్టుకుని కూర్చున్నన్ని గంటల్లో పది నిమిషాలు తీసినా ఆ పని అయిపోయేది. విచారణ సంఘం ఈ భాగాన్ని రికార్డుల నుంచి తొలగించింది.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి. పోయిన వారం సంపు మూత తీస్తే మూలన పీత వెల్లకిలా పడి ఉంది. కదలదు. గుండె కాస్త బరువెక్కింది, అబద్ధమెందుకు. పటకారుతో పైకి తీస్తే బరువే లేదు. లోపల ఏమీ లేదు, వట్టి చిప్ప. కళ్ల కాడలతో, కాళ్ల మీది నూగుతో సహా ఉన్న ఖాళీ చొక్కా. పీతలు పెరగాలంటే పాత చిప్పను అలా విడిచి బయటికి వస్తాయని, కొత్తది గట్టిపడేదాకా దాక్కుంటాయని తెలిసి కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. మూడో రోజు నాచు పక్కకు జరిగింది. ముందు ఒక కన్ను కాడ, కాసేపాగి రెండోది.

అమ్మకు చెప్పాను.

"ఇప్పుడెంతుంది?"

"ఉసిరికాయంత."

"ఇంకో రెండు చొక్కాలు మార్చనీ" అంది.