ఆ పట్టాల్ని బల్లకి అతికించేయకండి, దయచేసి

పిల్లాడికని చెక్క రైలు సెట్టు కొంటారు. డబ్బా మీద బొమ్మ చూసి పెద్దవాళ్లే కూర్చుని పట్టాలు అమర్చేస్తారు. రెండ్రోజులకి అవి చెదిరిపోతున్నాయని విసుగొచ్చి, జిగురు రాసి బల్లకి అతికించేస్తారు. నెల తిరక్కుండా ఆ బల్ల మీద ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటారు. "వాడికి రైళ్ల మీద మోజు పోయిందండీ" అని పైగా మనకే చెప్తారు!

మోజు పోక ఏం చేస్తుంది? ఒకే దారిలో తిరిగే రైలుని ఎంతసేపని చూస్తాడు? అసలు ఆటంతా పట్టాలు వెయ్యడంలోనే ఉంది.

స్వీడన్‌లో బ్రియో అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1958లో ఈ చెక్క రైళ్లు తెచ్చారు. మామూలుగా ఒక్కో వంపు ముక్క 45 డిగ్రీలు తిరుగుతుంది, ఎనిమిది కలిపితే చుట్టు పూర్తి. చాలా ముక్కలకి పైనా కిందా రెండువైపులా చక్రాల గాడి ఉంటుంది, తిరగేస్తే ఎడమ వంపు కాస్తా కుడి వంపైపోతుంది. ఇది పిల్లాడు తనంతట తాను కనిపెట్టాలి, మీరు నోరు మూసుకోవాలి (నాకూ కష్టమే). ముక్కకి ఒక కొసన బుడిపె, రెండో కొసన అది ఇరుక్కునే గుంట ఉంటాయి. మధ్యలో పాయింటు పెట్టి దారి చీల్చాడా, ఒక్కోసారి చివర్లో బుడిపెకి బుడిపే ఎదురొస్తుంది, రెండూ కలవవు. అప్పుడు వాడి మొహం చూడాలి. సగం పీకి మళ్లీ మొదలెడతాడు.

అతుకులు వదులుగా ఉన్నాయని గొణిగేవాళ్లకి ఒక మాట. ఆ వదులు లేకపోతే సగం లైన్లు కలవనే కలవవు. చివర్లో కొద్దిపాటి తేడా వస్తే ఒక్కో అతుకు దగ్గరా కాస్త కాస్త జరుపుతూ వస్తే చాలు, కలిసిపోతుంది. అసలు రైలు పట్టాలకీ ఎండకి ఇనుము సాగుతుందని అతుకుల దగ్గర సందు వదిలేవాళ్లు. మనం విన్న ఆ టకటక దానిదే. జిగురు పెట్టామంటే ఈ వెసులుబాటు కాస్తా పోతుంది.

బ్యాటరీ ఇంజన్ల మీద నాకంత కోపం లేదు. పట్టాలు వాడు వేసుకుంటే చాలు, ఇంజను ఏదైతే ఏం.

ఇంత అరుస్తున్నానా, మా ఇంట్లో మొదట జిగురు డబ్బా తెరిచింది నేనే. తర్వాత కత్తి పెట్టి పీకుతుంటే రెండు ముక్కల బుడిపెలు విరిగాయి. మావాడు వాటిని పారెయ్యనివ్వలేదు. "ఇక్కడ లైను అయిపోయింది" అని ఒకదాన్ని తలుపు దగ్గర పెట్టాడు. ఇప్పుడు అదే వాడి ఆఖరి స్టేషను.