ఆన్‌లైన్‌లో ఎక్కని పిల్లలు

పనిరోజు ఉదయం పది గంటలప్పుడు భీమవరం, కాళ్ళ, ఆకివీడు వైపు ఏ రొయ్యల చెరువు గట్టు మీదికైనా వెళ్ళి చూడండి. షెడ్డు పక్కన బడి ఈడు పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని కనిపిస్తుంది. మేత వ్యాపారం నాది, అందుకని ఈ గట్లన్నీ నాకు అలవాటే. ఊళ్ళో ఈ మాటెత్తితే అందరిదీ ఒకటే జవాబు: "వాళ్ళకి చదువు మీద ధ్యాస లేదండీ. గవర్నమెంటు అన్నీ ఊరికే ఇస్తున్నా పంపరు." ఒళ్ళు మండేది ఇక్కడే. అలా అనేవాళ్ళలో చాలామంది ఆ కుటుంబాల్ని తెచ్చి గట్టు మీద కాపలా పెట్టుకున్నవాళ్ళే!

కాపలాకి మనం ఒక్క మనిషిని పెట్టుకోం, మొగుడూ పెళ్ళాం జంటగా కావాలంటాం. రాత్రంతా ఏరియేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, తెల్లారేసరికి మేత చల్లాలి, మేత తిన్నాయో లేదో తెలియడానికి చెక్ ట్రేలు ఎత్తి చూడాలి. జీతం ఇద్దరికే. మరి పగలంతా కొంగల్నీ నీటికాకుల్నీ తోలేది ఎవరనుకుంటున్నారు?

వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు. రొయ్య పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారు, లీజు మారుతుంది. వైరస్ తగిలితే నెలన్నరకే అంతా ఎత్తేస్తారు. ఆ కుటుంబం మూటాముల్లె సర్దుకుని ఇంకో గట్టుకి, ఒక్కోసారి ఇంకో జిల్లాకి పోతుంది. వీళ్ళలో యానాదులున్నారు, ఉత్తరాంధ్ర వాళ్ళున్నారు, ఒరిస్సా నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. బడేమో జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు. రొయ్యకి ఆ లెక్క తెలీదు కదా.

కిందటేడు వానాకాలంలో ఒక తల్లినీ కూతుర్నీ దగ్గర్లోని బడికి తీసుకెళ్ళాను. ఊరూ పేరూ ఎందుకులెండి. హెడ్‌మాస్టారు మంచాయనే, కూర్చోబెట్టి టీ తెప్పించారు. "చేర్చుకోడానికి నాకేం అభ్యంతరం లేదండీ, ఆధార్ లేకపోతే ఆన్‌లైన్‌లో ఎక్కదు" అన్నారు. ఆధార్ సెంటర్‌కి వెళ్తే బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పిల్ల పుట్టిందేమో పక్క జిల్లాలో, గట్టు మీద షెడ్డులో. చెరువు ఎవరిదో తల్లికి గుర్తుంది, అది ఏ పంచాయతీ కిందికొస్తుందో తెలీదు. "పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టిందండి బాబుగారూ" అని ఆమె చెబుతుంటే, కంప్యూటర్ ముందున్న కుర్రాడు తేదీ గడిలో కర్సర్ పెట్టి నా మొహం చూస్తున్నాడు. ఆ పిల్ల తెలివి చెప్పనా? మేత బస్తాల వరసలో వాటి మీది రకం గుర్తు చూసి, 3ఎస్ ఏదో 3పి ఏదో పోల్చి, అడిగినదే చూపిస్తుంది. ఎవరూ నేర్పలేదు.

చట్టం చూస్తే పిల్ల పక్షానే ఉంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు రుజువు లేదని ఏ పిల్లకీ అడ్మిషన్ కాదనకూడదని 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. గడువు దాటాక వచ్చినా చేర్చుకోవాల్సిందే. తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు, ఈడుకి తగ్గ తరగతిలో వేసి, వెనకబడ్డది విడిగా నేర్పించాలి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లోనే చెప్పింది. ఇంత ఉన్నా స్క్రీన్ మీద ఒక గడి ఖాళీగా ఉంటే పని ఆగిపోతుంది. హెడ్‌మాస్టార్లని తిట్టి లాభం లేదు. ఎంట్రీ పడకపోతే పైనుంచి ఫోన్లు వచ్చేది వాళ్ళకే.

గోదావరి లంక ఊళ్ళ పిల్లల కష్టం తక్కువని కాదు. 2022 జూలై వరద చూశాం, పడవ ఆగితే బడీ ఆగుతుంది. అయినా వాళ్ళ పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, నీళ్ళు తీశాక ఏ పిల్లాడు రాలేదో మేస్టారికి తెలుస్తుంది. గట్టు మీది పిల్ల రాలేదని అడిగేవాడే లేడు. బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, సంతోషం. లంకల గన్నవరంలో ఆవిడ విస్తరి వేసే ముందు ఎవర్నీ కాగితం అడగలేదు.

ముందు ముందు ఇంకా కష్టం. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడు అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు ఇప్పుడు గట్ల మీద పాకుతూ నడుస్తూ ఉన్నారు, రేపో మాపో ఒకటో తరగతికి వస్తారు. 14వ సెక్షన్ అప్పుడూ ఉంటుంది. కానీ కౌంటర్ దగ్గర దాన్ని ఎవరు చదివి వినిపిస్తారు? పుట్టి ఏడాది దాటితే ఆర్డీవో స్థాయిలో ఉత్తర్వు కావాలి. రోజు కూలి పోగొట్టుకుని ఆ తల్లి ఎన్నిసార్లు తిరుగుతుందండీ?

మాకు తెలిసిన ఒక రైతు ఈ కాగితాలన్నీ వచ్చేదాకా ఆగలేదు. పొద్దున్న మేత దింపి ఖాళీగా వెనక్కి వెళ్ళే ఆటోలో పిల్లల్ని బడి దాకా పంపుతున్నాడు. లగేజీ ఆటోలో మనుషుల్ని ఎక్కించకూడదని నాకూ తెలుసు, రూల్స్ పంతుళ్ళు కామెంట్లలో చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఆ నల్ల బురదలో చిన్నపిల్లలు నడవలేరు, గట్టు పొడుగునా కరెంటు వైర్లు వేరే. అంతకంటే మంచి దారి ఉంటే చెప్పండి, డీజిల్ డబ్బులు నేనిస్తాను.

చెరువులున్న అన్నలకి ఒకటే అడుగుతున్నా. వచ్చే పంటకి కాపలా మనుషుల్ని మాట్లాడుకునేటప్పుడు, పిల్లలెంతమంది, కాగితాలు ఉన్నాయా అని కూడా అడగండి. అర్జీ రాయాల్సి వస్తే నా కొట్టుకి పంపండి, నేను రాసిపెడతాను. మీ గట్టు మీద బిడ్డ పుడితే 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించండి, బండి మీద ఒక పూట పని. సీడ్ (రొయ్య పిల్ల) రెడీ అయిందని ఫోన్ వస్తే అర్ధరాత్రి హేచరీకి పరిగెడతాం కదా.