గుర్రానికి ఒక మైకు కావాలి

మా ప్రకాశం జిల్లాలో తిరునాళ్ల ఉంటే బండలాగుడు ఉంటుంది, బండలాగుడు ఉంటే మైకు ఉంటుంది. ఎడ్లు బరిలోకి దిగింది మొదలు కాడి విప్పేదాకా ఆ మైకు మూతపడదు. ఎవరి జత, ఏ ఊరు, పాలపళ్లా నాలుగు పళ్లా, ఎన్నో రౌండు, ఎన్ని నిమిషాలు మిగిలాయి... అన్నీ ఊరంతటికీ వినబడాల్సిందే. టేపు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు బండ వెనకాలే పరిగెడుతుంటారు. పోయినేడు మా పక్క ఊళ్లో ఒక జత లాగిన దూరం అడుగుల్లో చెప్పి మైకాయన మంచినీళ్లు తాగబోయాడు. అరుగు మీదున్న తాత ఒకాయన కర్ర పట్టుకుని లేచి, "అంగుళాలేవిరా?" అన్నాడు. మళ్లీ కొలిచారు. ఏడంగుళాలు. తాత కూర్చున్నాడు.

దీనికి చట్టం లేదు, కమిషనరు లేడు, పోర్టల్ అసలే లేదు. అయినా మర్నాడు పేపరు జిల్లా ఎడిషన్లో అంగుళాలతో సహా వస్తుంది.

అమెరికా వాళ్లకు ఈ స్థాయి అందుకోవడానికి చాలా కాలం పట్టింది పాపం. అక్కడ గుర్రప్పందేలకు 38 చోట్ల 38 రకాల నిబంధనలు ఉండేవి. ఒక రాష్ట్రంలో మందు అనిపించుకున్నది సరిహద్దు దాటితే డోపింగ్. 2019లో కాలిఫోర్నియాలోని శాంటా అనీటా మైదానంలో ఒక్క సీజన్లోనే ముప్పై గుర్రాల దాకా చచ్చిపోయాక గగ్గోలు పుట్టి, 2020లో చట్టం చేశారు. 2022 జులై నుంచి చాలా రాష్ట్రాలకు ఒకే సంస్థ చూస్తోంది. ఎన్ని గుర్రాలు చచ్చాయో మూడు నెలలకోసారి బయటపెడుతోంది. 2009లో అక్కడి జాకీ క్లబ్బు లెక్క మొదలుపెట్టినప్పుడు వెయ్యి పరుగులకు (ఒక గుర్రం ఒక రేసులో దిగితే ఒక పరుగు) 2 గుర్రాలు పోయేవట. 2024లో ఈ కొత్త సంస్థ కిందున్న మైదానాల్లో అది 0.90కి దిగింది. (గుర్రంలో పది శాతం ఎక్కడ బతికిందని మా తాత అడక్క మానడు.) ప్రైవేటు సంస్థకు ఇంత పెత్తనమేంటని దాన్నీ కోర్టుకు లాగారు, అది వేరే కథ.

మన దగ్గర గుర్రప్పందేల మీద నిఘా లేదనే వాళ్లకు నేను గట్టిగా సమాధానం చెప్పదలుచుకున్నాను. ఉంది. గుర్రం మీద కాదు, గల్లా పెట్టె మీద. గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, నైపుణ్యానికి గౌరవంగా కట్టిన పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. కూల్‌డ్రింకుకూ అంతే. నైపుణ్యాన్నీ రంగు సోడానూ ఒకే గాటన కట్టారన్నమాట.

ఇక జంతువును హింసిస్తే? 1960 నాటి చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. ఒంగోలు కర్నూలు రోడ్డులో నలుగురం టీ తాగితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. పైగా ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో 2011లో ఎద్దును చేర్చారు. పులి, సింహం, ఎలుగుబంటి, కోతి, వాటి సరసన మన గిత్త! గుర్రం మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి నైపుణ్యం ఉంది కదా మరి.

మందు పరీక్షలు, జాకీల సస్పెన్షన్లు లేవని కాదు, ఉన్నాయి. చేసేది పందేలు నడిపే రేసు క్లబ్బుల వాళ్లే. పెళ్లికొడుకూ వాళ్లే, పురోహితుడూ వాళ్లే.

మా నెల్లూరు మామ ఒకప్పుడు పొద్దున్నే పినాకిని రైలెక్కి మద్రాసులో గిండీ రేసులకు పోయేవాడు. ఏ గుర్రం తాత ఎవరో చెప్పగలిగినవాడు, కాలు విరిగిన గుర్రం ఏమైందంటే మాత్రం, "కనబడలేదురా తర్వాత" అనేవాడు. అక్కడి రేసు క్లబ్బుకు 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం సీలు వేసింది. గుర్రాల కోసం అనుకునేరు. 160 ఎకరాల లీజు, 730 కోట్ల పైచిలుకు అద్దె బాకీ!

కాబట్టి నా మనవి ఏమిటంటే, దేశంలోని గుర్రప్పందేలన్నీ మా తిరునాళ్ల కమిటీకి అప్పగించాలి. మైకాయన్ని ఫస్ట్ క్లాసులో తీసుకుపోతే చాలు. "ఇది మూడో నంబరు గుర్రం, మొన్న మంగళవారం ముందు కుడికాలికి సూది పడింది, ఏం సూదో డాక్టరుగారు లేచి చెప్పాలి. పోయిన నెల పరిగెత్తినవాటిలో ఈ నెల రానివి ఎన్ని, యజమానులు స్టేజీ దగ్గరకు రావాలి" అంటాడు. మధ్యలో దాతల పేర్లు, ఎమ్మెల్యేగారికి స్వాగతం ఉంటాయి, రేసు గంట ఆలస్యమవుతుంది. సర్దుకోవాలి.

ఈ ప్రతిపాదన పట్టుకుని మొన్న మైకాయన దగ్గరికే వెళ్లాను. పొంగిపోయాడు. అమెరికాలో జాకీ ఒక రేసులో కొరడాతో ఆరుసార్లకు మించి కొట్టకూడదట, అదీ లెక్కపెడతారట అని చెప్పాను.

"మన దగ్గర చర్నాకోల ఎన్నిసార్లు పడిందో కూడా మైకులో చెబుతావా బాబాయ్?" అన్నాను.

ఆయన మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అది కొలతలోకి రాదబ్బయ్యా."